ఇంటి గుట్టు, బడి గ్రూపు

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా బడిలోని ఒక టీచరుకు వాట్సాప్‌లో ఒక తల్లి నుంచి సందేశం వచ్చింది. "మిస్, ఆయనకు రెండు నెలలుగా పని లేదు. ఇంట్లో రోజూ గొడవే. పాప టూరుకు రాలేదు. డబ్బు లేక అని క్లాసులో చెప్పొద్దు మిస్." తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో.

ఆ టీచరు మంచి మనసుతోనే ఆ సందేశాన్ని మా ఉపాధ్యాయుల గ్రూపులో పెట్టింది. తలా కొంచెం వేసుకుని పాప డబ్బు కట్టేద్దామన్నది ఆమె ఆలోచన. అందరం సరేనన్నాం. కొందరం అప్పటికప్పుడే డబ్బు పంపాం. మాలో ఒకరు ఇంకొంచెం సాయం దొరుకుతుందేమోనని తెలిసిన ఒక పేరెంటుకు ఆ స్క్రీన్‌షాట్ పంపారు. ఆయన ఇంకొకరికి పంపారు. మూడో రోజుకు అది తరగతి తల్లిదండ్రుల గ్రూపులో తేలింది. పైన పేరు, కింద పేరు, మధ్యలో ఆ ఇంటి కష్టం.

పది నిమిషాల్లో తీసేయించాం. అప్పటికే చూడవలసినవాళ్ళూ, చూడకూడనివాళ్ళూ చూసేశారు. పాప వారం రోజులు బడికి రాలేదు. తల్లి వచ్చి మా ఎదురుగా నిలబడి ఒకే మాట అంది: "నేను మీ ఒక్కరికే చెప్పాను కదా మిస్."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. ఏ పేటో, ఏ తరగతో రాయడం లేదు. మా తప్పు మా పేరు మీదే ఉండాలి గానీ ఆమె కష్టం మళ్ళీ వీధిన పడకూడదు.

బడికి గ్రూపు తప్పదు

చెన్నైలో తెలుగు బడి నడపడమంటే ఏమిటో ఈ పేజీ చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు. కొరుక్కుపేట నుంచి ఒక బిడ్డ వస్తే, వ్యాసర్పాడి నుంచి ఇంకొకరు, తండయార్‌పేట నుంచి మరొకరు. పొద్దున్నే పనికి వెళ్ళే తల్లిదండ్రులు బడికి వచ్చి మాట్లాడే వీలుండదు. ప్రభుత్వ ఉత్తర్వు తమిళంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. దాన్ని తెలుగులో వాయిస్ మెసేజ్‌గా చెప్పి గ్రూపులో పెడితేనే చాలా ఇళ్ళకు అందుతుంది. 2006 నాటి తమిళ నిర్బంధ బోధన చట్టం వచ్చినప్పటి నుంచి పదో తరగతి భాషా పరీక్ష గురించి మన పిల్లల ఇళ్ళల్లో ఎంత ఆదుర్దా ఉందో తెలిసిందే. మినహాయింపు వార్త వచ్చినా, రాకపోయినా ముందు అడిగేది గ్రూపులోనే.

కరోనా కాలంలో ఆ గ్రూపే తరగతి గది అయింది. బడులు తెరిచాక కూడా అది పోలేదు. ఒక్కసారి మన ఫోనులో తరగతి గ్రూపు తెరిచి పైకి జరుపుతూ వెళ్తే ఏమేం ఉంటాయో చూడండి. కులధ్రువీకరణ పత్రం ఫోటో, స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఆధార్ కార్డు, మార్కుల జాబితా, వార్షికోత్సవంలో ఆడిన ఆడపిల్లల ఫోటోలు, ఫలానా పాప ఎందుకు రాలేదన్న ప్రశ్న, దానికి తల్లి ఇచ్చిన ఆరోగ్య కారణం. ఒక బీరువాలో ఇవన్నీ ఉంటే తాళం వేస్తాం. చేతిలో ఉన్నందుకు వేయడం లేదు.

తాళం ఎక్కడుంది, ఎక్కడ లేదు

వాట్సాప్‌లో సందేశాలకు తాళం ఉన్నమాట నిజమే. 2016 ఏప్రిల్ నుంచి అందులోని వ్యక్తిగత, గ్రూపు సంభాషణలన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే ఏర్పాటు ఉంది. దాన్ని ఉత్తరాలతో పోల్చి చెప్పుకోవచ్చు. కార్డు ముక్క రాస్తే పోస్టుమ్యాన్ నుంచి పక్కింటివారి దాకా ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే తీసుకున్నవారే చించి చదవాలి. ఎన్‌క్రిప్షన్ అంటే కవరు కంటే గట్టిది, ఇనప్పెట్టె లాంటిది. పంపినవారి ఫోనులో తాళం పడుతుంది, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటుంది. మధ్యలో మోసుకెళ్ళే కంపెనీ దగ్గర కూడా తాళంచెవి ఉండదు.

అయితే అన్ని యాప్‌లూ ఒకటి కావు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లకూ, గ్రూపులకూ ఈ తాళం లేదు. 'సీక్రెట్ చాట్' అని విడిగా మొదలుపెడితేనే ఉంటుంది. సిగ్నల్ యాప్‌లో అన్నిటికీ ఉంది. వాట్సాప్ వాడే తాళం కూడా సిగ్నల్ వారి పద్ధతి మీద తయారైనదే.

ఇంకో సంగతి. పెట్టెలో ఏముందో కంపెనీకి తెలియకపోయినా, పెట్టె ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న లెక్క తెలుస్తుంది. మన నంబరు, ప్రొఫైల్ ఫోటో, ఏయే గ్రూపుల్లో ఉన్నామన్న వివరాలు ఆ లెక్కలోకి వస్తాయి. 2021లో వాట్సాప్ తెచ్చిన కొత్త ప్రైవసీ పాలసీ మీద దేశమంతా చర్చ జరిగింది. ఆ విషయంలోనే 2024 నవంబరులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ దాని యజమాని అయిన మెటా కంపెనీకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

మన హైకోర్టు నుంచే మొదలైన కథ

ఈ తాళం ఉండాలా, దానికి ప్రభుత్వం చేతిలో మారుతాళంచెవి ఒకటి ఉండాలా అన్న పెద్ద వాదన మన ఊళ్ళోనే, మద్రాసు హైకోర్టులోనే మొదలైందని చాలామందికి తెలియదు.

2018లో ఇద్దరు పిటిషనర్లు మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. ఇంటర్నెట్‌లో వేధింపులు, పరువు తీసే రాతలు పెరిగిపోయాయి, చేసినవారు దొరకడం లేదు, కాబట్టి సోషల్ మీడియా ఖాతాలను ఆధార్‌తో కలపాలని కోరారు. ఆధార్ కలపడం కుదరదని తేలాక కేసు ఇంకో దారి పట్టింది. ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినవారెవరో కనిపెట్టే వీలుందా అన్నది ప్రశ్న అయింది. 2019లో ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. కామకోటి వీలుందని చెప్పారు. ప్రతి సందేశానికీ మొదట పంపినవారి గుర్తు జోడించవచ్చన్నది ఆయన ప్రతిపాదన. ఐఐటీ బొంబాయి ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్ దానితో ఏకీభవించలేదు. దొంగ ఆ గుర్తును తప్పించుకునే దారి వెతుక్కుంటాడనీ, మామూలు మనిషి గోప్యత మాత్రం పోతుందనీ ఆయన పక్షం. ఇద్దరూ ఐఐటీ ఆచార్యులే, ఇద్దరిదీ ప్రజల క్షేమమే. అయినా ఒక మాట మీదికి రాలేదంటే ఇది తేలిగ్గా తేలేది కాదని అర్థం.

ఆ కేసు తర్వాత సుప్రీంకోర్టుకు మారింది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఐటీ నియమాల్లో పెద్ద మెసేజింగ్ యాప్‌లు కోర్టు గానీ, అధికారమున్న సంస్థ గానీ ఆదేశిస్తే మొదట పంపినవారిని చూపించాలని రాశారు. వాట్సాప్ దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే తాము ఈ దేశం నుంచి వెళ్ళిపోవలసి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని తరఫు లాయరు కోర్టుకు చెప్పారు.

ప్రభుత్వం అడగడానికీ కారణం లేకపోలేదు. 2018 మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో జరిగిన ఘోరం మనం మరచిపోలేదు. చెన్నై నుంచి కుటుంబంతో గుడికి వెళ్ళిన ఒక వృద్ధురాలు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారని అప్పటికే వాట్సాప్‌లో పుకార్లు. జనం గుమిగూడి ఆమెను కొట్టి చంపారు. ఆ ఏడాది దేశంలో చాలా చోట్ల ఇలాంటివి జరిగాకే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ హద్దు పెట్టింది.

మరోవైపు, వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. మనతో రాత్రి తొమ్మిదిన్నరకు కష్టం చెప్పుకున్న ఆ తల్లికీ ఆ తీర్పు వర్తిస్తుంది. ఆ హక్కును ఆమె దగ్గర నుంచి తీసుకున్నది ప్రభుత్వమూ కాదు, కంపెనీ కూడా కాదు. మేమే.

తాళం పగలగొట్టకుండానే

ఇంతవరకు చదివినవారికి ఒక విషయం తట్టే ఉంటుంది. మా బడి సంగతిలో ఎన్‌క్రిప్షన్ ఏమీ చెడిపోలేదు. తల్లి ఫోను నుంచి టీచరు ఫోనుకు సందేశం భద్రంగానే చేరింది. పోయింది చేరాకే. బయటపడిన చాట్‌లలో చాలా వాటి కథ ఇదే.

2020లో ముంబైలో సినీనటుడి మరణం మీద దర్యాప్తు జరుగుతున్నప్పుడు, కొందరు నటీమణుల పాత వాట్సాప్ సంభాషణలు టీవీల్లో రోజుల తరబడి చదివారు. తాళం పగిలిందా అని జనం అడిగారు. ఫోను చేతికి చిక్కితే తాళం పగలగొట్టే పనే లేదు. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు యువకులను ఆపి, ఫోన్లు తెరిపించి, చాట్‌లలో గంజాయి వంటి మాటల కోసం వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. ఇది చట్టబద్ధమేనా అంటూ అక్కడి ఒక సామాజిక కార్యకర్త పోలీసు కమిషనరుకు లీగల్ నోటీసు పంపారు. మత్తుమందులను అరికట్టవలసిందే. కానీ వీధిలో పోయేవాడి జేబులో అతని ఇంటి మాటలన్నీ ఉన్నాయన్నది కూడా మరచిపోకూడదు.

మన పిల్లల ఇళ్ళ దాకా వస్తే, చాట్‌లు బయటపడే దారులు ఇంకా మామూలువి.

మొదటిది బ్యాకప్. ఫోను పోయినా చాట్‌లు పోకుండా గూగుల్ డ్రైవ్‌లోనో, ఐక్లౌడ్‌లోనో ఒక నకలు దాచుకుంటాం. ఆ నకలుకు మనం విడిగా పెట్టుకుంటే తప్ప అదే తాళం ఉండదు. 2021 అక్టోబరు నుంచి వాట్సాప్ ఆ వీలు కల్పించింది. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్‌కు వెళ్ళి పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ మరచిపోతే మాత్రం ఆ నకలు మనకూ తెరుచుకోదు. కాబట్టి ఇంట్లో కాగితం మీద రాసి దాచుకోండి.

రెండోది లింక్డ్ డివైజెస్. బ్రౌజింగ్ సెంటరులో సర్టిఫికెట్ ప్రింటు తీయడానికి వాట్సాప్ వెబ్ తెరుస్తాం. ప్రింటు తీసుకుని వచ్చేస్తాం, లాగౌట్ చేయం. ఆ కంప్యూటరులో మన చాట్‌లు తెరిచిన పుస్తకంలా ఉంటాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ నొక్కితే ఎక్కడెక్కడ తెరిచి ఉందో కనిపిస్తుంది. మనది కానిదాన్ని అక్కడి నుంచే తీసేయవచ్చు. ఈ పని ఈరోజే చేయండి, ఒక నిమిషం చాలు.

మూడోది పాత ఫోను. రిచీ స్ట్రీట్‌లో అమ్మేముందు, బంధువుల పిల్లవాడికి ఇచ్చేముందు, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. సిమ్ తీసేస్తే సరిపోదు. చాట్‌లూ ఫోటోలూ ఉండేది సిమ్‌లో కాదు, ఫోనులో.

నాలుగోది పాత నంబరు. రీచార్జి చేయక సిమ్ ఆగిపోతే కొత్తది తీసుకోవడం మన తల్లిదండ్రుల్లో మామూలే. ఆగిపోయిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఈ సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, తమ పాత సమాచారాన్ని చెరిపేసుకునే జాగ్రత్త వాడకందారే తీసుకోవాలని కోర్టు అంది. నంబరు మారితే వాట్సాప్‌లోని చేంజ్ నంబర్ ద్వారా మార్చుకోండి. తరగతి టీచరుకు కూడా చెప్పండి. పాత నంబరు గ్రూపులో అలాగే ఉండిపోతే, రేపు ఆ నంబరు కొన్న ముక్కూముఖం తెలియని మనిషి మన పిల్లల గ్రూపులో కూర్చునే ప్రమాదం ఉంది.

ఐదోది ఓటీపీ. "తప్పుగా మీ నంబరుకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపు అక్కా" అని తెలిసినవారి పేరుతోనే సందేశం వస్తుంది. పంపితే మన వాట్సాప్ వాళ్ళ చేతికి పోతుంది. ఆ తర్వాత మన పేరుతో అందరినీ డబ్బు అడుగుతారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే ఇంకో ఆరంకెల పిన్ అడుగుతుంది. కోడ్ ఒక్కటే దొరికినవాడికి దారి మూసుకుంటుంది.

ఆరోది అన్నిటికంటే పెద్దది: మనిషి. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కితే పోయిందనుకుంటాం. దానికీ రెండు రోజుల పైచిలుకే గడువు. స్క్రీన్‌షాట్ తీసినవారి ఫోనులో అది అప్పుడూ పోదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. ఇప్పుడు వేలు జారినా అంతే.

అడ్మిన్‌గా ఉన్న టీచర్లకు

గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్ జైలుకు వెళ్ళాలన్న భయం చాలామంది టీచర్లలో ఉంది. కరూరు లాయర్ల గ్రూపు విషయంలో 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దీని మీద స్పష్టంగా చెప్పింది. కేవలం అడ్మిన్‌గా ఉండటం తప్ప ఇంకేమీ చేయలేదని తేలితే అతని పేరును చార్జిషీటు నుంచి తీసేయాలని పోలీసులను ఆదేశించింది. బొంబాయి, కేరళ హైకోర్టులు కూడా ఇదే దారిలో చెప్పాయి.

చట్టం నుంచి భయం లేదంటే బాధ్యత లేదని కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అన్న సూత్రాన్ని పెట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. చట్టం పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కర్లేదని మేము అనుకున్నాం. ఆ సంఘటన తర్వాత మా బడిలో కూర్చుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పాటించడం కొంచెం కష్టమే అయినా పాటిస్తున్నాం.

తరగతి గ్రూపులో అడ్మిన్లే సందేశం పెట్టేలా మార్చాం. మార్కులు, గైర్హాజరు, ఫీజు బాకీ ఇక గ్రూపులో పెట్టం. ఎవరివి వారికే చెబుతాం. ఆధార్, పాసుబుక్కు కాగితాలు బడికే తెచ్చి ఇమ్మంటున్నాం. తేలేనివారు టీచరుకు విడిగా పంపితే పని అయ్యాక చెరిపేస్తాం, చెరిపామని వారికి చెబుతాం. పిల్లల ఫోటో పెట్టాలంటే ముందు ఇంటివారిని అడుగుతాం. ఏడాది చివర పాత గ్రూపు మూసి, నంబర్లు సరిచూసి, కొత్తది మొదలుపెడతాం. ఒక తల్లి గానీ తండ్రి గానీ చెప్పుకున్న మాటను వారిని అడగకుండా తోటి టీచరుకైనా పంపం. సాయం అవసరమైతే "ఒక బిడ్డకు ఇంత కావాలి" అంటే చాలు. పేరెందుకు?

ఇంట్లో పిల్లలు చూస్తున్నారు

మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఒక్కటే ఫోను. పొద్దున అమ్మది, సాయంత్రం హోంవర్కుకు పాపది, రాత్రి అన్నది. అత్తగారితో మాట, అప్పు సంగతి, డాక్టరు రాసిన చీటీ అన్నీ పిల్లల కళ్ళ ముందే. చాట్ లాక్ అని ఒక వీలుంది, ఫలానా సంభాషణను వేలిముద్రతో మూసి ఉంచవచ్చు. అంతకంటే ముఖ్యం, పిల్లలకు చెప్పి పెంచడం. ఒకరు తమకు పంపిన మాటను ఇంకొకరికి చూపడం తప్పని తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్ తీసుకుని చెప్పాం. ఒక అబ్బాయి లేచి, "మరి పెద్దవాళ్ళు చేస్తే మిస్?" అన్నాడు. వాడికి మా సంగతి తెలుసో లేదో మాకు తెలియదు. "పెద్దవాళ్ళు చేసినా తప్పే" అన్నాం.

ఎవరైనా చాట్‌లు, ఫోటోలు చూపించి బెదిరిస్తే పిల్లలు మొదట ఇంట్లో చెప్పాలి. ఇంట్లో తిడతారన్న భయంతోనే చాలామంది చెప్పరు. ఆ రోజు తిట్టకండి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సాయానికి 1098 నంబర్లు ఉన్నాయి. ఇంటి గోడ మీద రాసి పెట్టండి. బెదిరించినవాడి సందేశాలను మాత్రం ఫిర్యాదు చేసేదాకా చెరపకండి, అవే సాక్ష్యం.

ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ఆ సామెత చెప్పేది ఇంటివారికి మాత్రమే కాదు, ఆ గుట్టు నమ్మి అప్పగించబడ్డవారికి కూడా.

పాప మళ్ళీ బడికి వస్తోంది. తండ్రికి పని దొరికింది. తల్లి మాత్రం ఇప్పుడు వాట్సాప్‌లో మాకు ఏమీ రాయదు. ఏదైనా చెప్పాలంటే శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వస్తుంది, గేటు పక్కన నిలబడి చెప్పి వెళ్తుంది. ఆ బస్సు చార్జీ మా తప్పుకు ఆమె కడుతున్నది. తనకు మళ్ళీ ఎప్పుడు రాయాలనిపిస్తుందో అది ఆమె ఇష్టం. ఆ రోజు వస్తే ఆ మాట ఒక్కరి దగ్గరే ఉండేలా చూసుకోవడం మా పని.